బోనస్ గీత దగ్గర కాపు: స్పీడ్ గ్రాఫిక్‌తో కబడ్డీ, ప్రాజెక్టు డైరీ

అక్టోబరు: అసలేంటీ పని

సూటిగా చెప్తాను. పాత ప్రెస్ కెమెరా, 4×5 అంగుళాల షీటు ఫిల్ము. వీటితో ఇప్పటి కబడ్డీ తీయాలి, కుదిరితే పరుగు పందేలు కూడా. సరదాకి ఒకటీ అరా కాదు, ఈ సీజన్లో గుంటూరు, విజయవాడల్లో దొరికిన ప్రతి టోర్నమెంటుకీ మోసుకెళ్ళి, గోడకి తగిలించదగ్గ ప్రింట్లు కొన్ని సంపాదించాలి.

కెమెరా పేరు పేస్‌మేకర్ స్పీడ్ గ్రాఫిక్. బ్రాడీపేటలో ఎప్పుడో మూతపడిన స్టూడియో వాళ్ళ అటక మీంచి దిగింది. అమెరికాలో గ్రాఫ్లెక్స్ కంపెనీ 1912లో మొదలుపెట్టి 1973 దాకా ఈ స్పీడ్ గ్రాఫిక్‌లు రకరకాల మోడళ్ళలో చేసింది. పాత ఇంగ్లీషు సినిమాల్లో టోపీ పెట్టుకున్న విలేఖరులు పళ్ళెం లాంటి ఫ్లాష్ తగిలించుకుని తోసుకుంటూ తీస్తుంటారే, అదే. బరువు మూడు కేజీల దాకా ఉంటుంది. లెన్సు 127 ఎంఎం ఎక్టార్, ఎఫ్/4.7 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు).

దీంతో ఆటలేం తీస్తావని ఇప్పటికే చాలామంది అడిగారు. ఒకప్పుడు ఆటలు దీంతోనే తీశారు మరి. 1948 జూన్‌లో బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ న్యూయార్క్ యాంకీ స్టేడియంలో వీడ్కోలుకి వచ్చినప్పుడు ఫొటోగ్రాఫర్లందరూ ఎదురుగా గుమిగూడితే, నాట్ ఫైన్ అనే ఆయన వెనక్కి వెళ్ళి నిలబడి, వీపు మీద 3 నంబరు కనపడేలా, ఫ్లాష్ లేకుండా తీశాడు. మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి ఆ ఫొటోకే. కెమెరా స్పీడ్ గ్రాఫిక్. అంత పాత మాట ఎందుకు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో డేవిడ్ బర్నెట్ అనే ఫొటోగ్రాఫర్ కూడా స్పీడ్ గ్రాఫిక్ పట్టుకుని తిరిగాడు, చుట్టూ డిజిటల్ కెమెరాలు టపటపలాడుతుంటే. ఆయన దానికి తగిలించింది రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లోంచి నేల ఫొటోలు తీయడానికి కొడాక్ చేసిన ఏరో ఎక్టార్, 178 ఎంఎం, ఎఫ్/2.5. దాని గాజులో థోరియం ఉంటుంది, కాస్త రేడియేషన్ కూడా ఉంటుంది. నా దగ్గర లేదు, ఇప్పట్లో కొనేదీ లేదు. ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

అక్టోబరు చివర: బెల్లోస్, షట్టర్

రాత్రి లైట్లన్నీ ఆర్పి బెల్లోస్ (లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఉండే మడతల తోలు గొట్టం) లోపల టార్చి పెడితే మడతల మూలల్లో చుక్కలు చుక్కలుగా వెలుగు. లెదర్ అక్కడక్కడా సూది బెజ్జాలు పడింది. కొత్త బెల్లోస్ బయట నుంచి తెప్పిస్తే కెమెరా కన్నా ఎక్కువయ్యేట్టుంది. ఏలూరు రోడ్డులో పుస్తకాల బైండింగ్ చేసే ఆయన దగ్గర పలచటి నల్ల క్యాలికో గుడ్డ తీసుకుని, చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి, ఫ్యాబ్రిక్ జిగురుతో లోపలి వైపు నుంచి అంటించాను. మూల మడతలకి పెద్ద ముక్క పెడితే బెల్లోస్ మూసుకోదు, అందుకని వేలిగోరంత ముక్కలే. ఆరాక మళ్ళీ టార్చి పెట్టి చూస్తే నిఖార్సైన చీకటి.

ఇందులో షట్టర్లు రెండు. ఒకటి లెన్సులో రేకుల షట్టరు. రెండోది వెనకాల ఫిల్ముకి ఆనుకుని పై నుంచి కిందకి జారే గుడ్డ తెర, దానికి సన్నటి చీలిక ఉంటుంది, 1/1000 దాకా వెళ్తుంది. ముందుది వాడుతుంటే వెనకది తెరిచి ఉండాలి, వెనకది వాడుతుంటే ముందుది. ఆట హడావుడిలో ఇది చేతికి అలవాటు కావడానికే ఇంట్లో ఖాళీ కెమెరాతో చాలా రాత్రులు టిక్కు టిక్కుమనిపించాను. మా ఆవిడ "టైపు మిషనా, కెమెరానా అది" అంది.

వెనక షట్టరు నిజంగా ఎంత వేగంతో నడుస్తుందో చూడాలి. స్ప్రింగు సాగిపోయి ఉంటుంది కదా. పాడైన కాలిక్యులేటర్లోంచి సోలార్ ముక్క పీకి, మైకు వైరుకి సోల్డర్ చేసి ఫిల్ము ఉండే చోట పెట్టాను. ముందు నుంచి లేజర్ లైటు, ల్యాప్‌టాప్‌లో ఆడియో రికార్డింగు. షట్టరు నొక్కితే స్క్రీన్ మీద ఒక గుబ్బ వస్తుంది, దాని వెడల్పే ఎక్స్‌పోజరు. 1/1000 అని రాసి ఉన్నది ఆరువందల వంతు దగ్గర తేలింది. పర్లేదు. ప్రతిసారీ అదే రావడం ముఖ్యం, అది వస్తోంది.

నవంబరు: ఎక్స్‌రే ఫిల్ము

ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్ము 4×5 పెట్టెలో 25 షీట్లు. మన దాకా వచ్చేసరికి షీటు వందల రూపాయల్లో పడుతుంది, ప్రాక్టీసుకి అది తగలేయలేను. ఎక్స్‌రే ఫిల్ము దారి పట్టాను.

సూర్యారావుపేటలో మెడికల్ సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే ముందు అందరూ డిజిటల్ ప్రింటర్లో పెట్టే డ్రై ఫిల్మే చూపిస్తారు, అది మనకి పనికి రాదు. తడి ఫిల్ము, అంటే డెవలపర్లో కడిగేది, గ్రీన్ సెన్సిటివ్ రకం కావాలని విడమరిచి చెప్పాలి. చివరికి ఒకాయన లోపలి గది నుంచి 8×10 పెట్టె తెచ్చి, "ఇది అడిగేవాళ్ళే లేరండీ, పశువుల డాక్టరా మీరు?" అన్నాడు. అవునన్నా నష్టం లేదు గానీ కాదనే చెప్పాను.

ఒక 8×10 నుంచి నాలుగు 4×5లు వస్తాయి, కానీ అసలు 4×5 షీటు పేరుకన్నా ఒక పిసరు చిన్నది, కాబట్టి కోశాక అంచులు మళ్ళీ కత్తిరించాలి. లేకపోతే హోల్డర్లోకి, అంటే షీటు పెట్టి కెమెరాకి తగిలించే చట్రంలోకి, దూరదు, దూరితే రాదు. మేలేంటంటే ఎర్ర లైటు కింద కోసుకోవచ్చు. ఈ ఫిల్ముకి ఎరుపు కనపడదు. హెచ్‌పీ5కి అన్ని రంగులూ కనపడతాయి, దాన్ని కటిక చీకట్లోనే ఎక్కించాలి.

ఎరుపు కనపడకపోవడం ఫొటోలో ఎలా తేలుతుందంటే, ఎర్ర జెర్సీ నల్లగా వస్తుంది, కాషాయం కూడా దాదాపు నలుపే, మనిషి ఒళ్ళు ఒకటి రెండు ఛాయలు ముదురుతుంది, ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. నల్లబడిన జెర్సీ మీద తెల్ల నంబరు భలే నిలుస్తుంది. నాకు నచ్చింది. ఆటగాళ్ళకి నచ్చలేదు, అది వేరే విషయం.

దీనికి రెండు వైపులా ఎమల్షన్, అంటే వెలుగు పట్టే పూత, ఉంటుంది. గోరు తగిలితే గీత, ట్రే అడుగు తగిలితే గీత. ట్రేలో గాజు పలక వేసి, దాని మీద ఒక్కో షీటే కడుగుతున్నాను.

నవంబరు చివర: ముందుకు వాలిన కుర్రాళ్ళు

గుంటూరు బ్రహ్మానంద రెడ్డి స్టేడియంలో ఉదయం పూట పరిగెత్తే పిల్లల మీద మొదటి పరీక్ష. గేటు దగ్గర వాచ్‌మన్ ట్రైపాడు చూసి "సర్వే వాళ్ళా?" అన్నాడు. రాజధాని వచ్చినప్పటి నుంచి మా వైపు మూడు కాళ్ళది ఏది కనపడినా ఇదే ప్రశ్న.

ఎక్స్‌రే ఫిల్ముని ఐఎస్ఓ 100 (వెలుగుకి ఫిల్ము స్పందించే కొలత) అనుకుంటున్నాను. ఎండ బాగా ఉంటే ఎఫ్/5.6, 1/1000. నా షట్టరు నెమ్మది కాబట్టి ఎఫ్/6.3 దగ్గర ఆగాను. కెమెరా పైన ఇనప తీగ చట్రం ఒకటి లేస్తుంది, వెనక చిన్న కంత లోంచి ఆ చట్రంలో చూస్తూ తీయడమే. అద్దమేమీ లేదు. చట్రం బయట ఎవరు వస్తున్నారో కూడా కనపడుతుంది కాబట్టి ఆటలకి ఇది చాలా హాయి.

కడిగాక చూస్తే పిల్లలందరూ నిజంగా ఉన్నదానికన్నా ముందుకు వాలి పరిగెడుతున్నారు. కారణం ఆ గుడ్డ తెర. ఫిల్ము మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది, తెర పై నుంచి కిందకి జారుతుంది, కాబట్టి ముందు కాళ్ళు నమోదవుతాయి, తల చివర్న. కాళ్ళకీ తలకీ మధ్య ఆ కాస్త వ్యవధిలో మనిషి ముందుకి జరిగిపోతాడు. చీలిక ఎంత సన్నగా ఉన్నా అది ఫిల్ము మొత్తాన్ని దాటడానికి పట్టే సమయం ఎక్స్‌పోజరు కన్నా చాలా రెట్లు ఎక్కువ. ఫ్రాన్సులో లార్తీగ్ అనే ఫొటోగ్రాఫర్ కుర్రతనంలో తీసిన రేసు కారు ఫొటోలో చక్రం కోడిగుడ్డులా సాగి ముందుకు వాలి ఉంటుంది, చూసేవాళ్ళు మాత్రం వెనక్కి ఒరిగి ఉంటారు. అదీ ఇదే సంగతి. ఆయన కెమెరాని కారుతో పాటు తిప్పాడు, తిప్పితే నిలబడినవి వెనక్కి వాలతాయి. నేనూ తిప్పి చూశాను. స్టేడియం లైటు స్తంభం కాస్త వెనక్కి ఒరిగింది. ఇప్పటి ఫోన్లలో బస్సు కిటికీ లోంచి తీస్తే కరెంటు స్తంభాలు ఒరగడం చూసే ఉంటారు.

ఈ వాలు పరుగుకి పనికొస్తుంది. కబడ్డీకి వద్దు, అక్కడ మనిషి ఎటు పోతాడో వాడికే తెలీదు.

డిసెంబరు: ఇండోర్ హాలు, చారల గొడవ

విజయవాడలో ఒక ఇండోర్ హాలు. మ్యాటు మీద కాలేజీ పోటీలు. కంటికి పట్టపగల్లా ఉంది గానీ వెలుగు కొలిచే మీటరు పెడితే ఐఎస్ఓ 400కి, ఎఫ్/4.7కి, 1/60 దగ్గరే ఆగింది. ఒక మెట్టు పుష్ చేసి, అంటే వెలుగు సగమే ఇచ్చి తర్వాత ఎక్కువసేపు కడుగుదామని, 800 అనుకుని వెనక షట్టరుతో 1/125లో కొన్ని, పరీక్షకి 1/500లో ఇంకొన్ని తీశాను.

1/500 నెగెటివుల మీద అడ్డంగా చారలు! నల్లది, తెల్లది, నల్లది, తెల్లది. కెమెరా పాడైందేమోనని రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకి వంద సార్లు వెలుగు ఎక్కుతూ తగ్గుతూ ఉంటాయి, కంటికి తెలీదు. సన్న చీలిక ఫిల్ముని దాటేలోపు లైటు చాలా సార్లు కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడమంతా చారలుగా అచ్చవుతుంది.

మందు కెమెరా ముందు భాగంలోనే ఉంది. రేకుల షట్టరు ఫిల్ము మొత్తానికీ ఒకేసారి వెలుగునిస్తుంది కాబట్టి చారల ప్రశ్నే రాదు. పైగా దాని మీద పాత కాలపు అంకెలు: 1/25, 1/50, 1/100, 1/200. 1/50 అంటే సరిగ్గా రెండు మిణుకులు, 1/100 అంటే ఒకటి. ఎప్పుడు నొక్కినా వెలుగు సమానంగా పడుతుంది. 1/60, 1/125 అంకెలున్న కొత్త కెమెరా కన్నా మన కరెంటుకి ఇదే అతికింది.

కానీ 1/100తో కబడ్డీ ఆగుతుందా? పరిగెత్తే కాలు ఆగదు. అందుకే ఆగే చోటు వెతకాలి.

డిసెంబరు చివర: గీతల లెక్క

ఈ ప్రాజెక్టు మొత్తం ఇక్కడే తిరిగింది. ఆట వెనక పడితే ఈ కెమెరాతో ఏమీ రాదు. ఫోకస్ తిప్పేలోపు రైడర్, అంటే కూతకి వెళ్ళినవాడు, వెళ్ళిపోతాడు. ఆట తప్పనిసరిగా ఏ చోటికి రావాలో అక్కడ ముందే ఫోకస్ పెట్టి కాపు కాయాలి. ఆ చోటు ఎక్కడో కబడ్డీ నిబంధనల్లోనే రాసి ఉంది.

మగవాళ్ళ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మధ్య గీత నుంచి 3.75 మీటర్లలో బాక్ లైన్, ఇంకో మీటరు లోపలికి బోనస్ లైన్. కూతకి వెళ్ళినవాడు ఎవరినైనా ముట్టుకోవాలి, లేదా కనీసం ఒకసారి బాక్ లైన్ దాటాలి, లేకపోతే అవుటు. ఎదురుగా ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ పాయింటుకి వెళ్ళొచ్చు. ఒక కాలు బోనస్ గీత దాటి నేల తాకాలి, ఆ క్షణంలో వెనక కాలు గాల్లో ఉండాలి. ఆ కాలు మోపిన చోట ఒళ్ళంతా విల్లులా సాగి, ముందుకు పోయే ఊపు అయిపోయి, వెనక్కి లాగే ఊపు ఇంకా మొదలవ్వని రెప్పపాటు ఒకటి ఉంటుంది. 1/100కి అది చాలు. మొండెం, మొహం నిలుస్తాయి, చేతి వేళ్ళు మాత్రం కాస్త చెదురుతాయి, చెదరనీ.

రైడుకి 30 సెకన్లు. ఒక హోల్డర్లో రెండు షీట్లు, అటొకటి ఇటొకటి. డార్క్ స్లయిడ్ (షీటుని వెలుగు తగలకుండా కప్పే పలక) లాగడం, షట్టరు బిగించడం, తీయడం, స్లయిడ్ నల్ల అంచు బయటికి వచ్చేలా తిప్పి పెట్టడం, హోల్డర్ తిప్పడం. రైడుకి ఒక షీటు ధీమాగా పడుతుంది, రెండోదానికి ఆశ పడకూడదు. తెల్ల అంచు అంటే ఇంకా తీయనిది, నల్ల అంచు అంటే అయిపోయింది. హడావుడిలో ఈ రెండు రంగులే దిక్కు.

ఇప్పుడు ఏరో ఎక్టార్ సంగతి. పక్క గీత బయట కూర్చుంటే దగ్గర కార్నర్ డిఫెండర్ పక్కన రైడర్ కాలు వేసే చోటు నాకు ఆరు మీటర్లు. నా 127 ఎంఎం ఎఫ్/4.7కి ఆ దూరంలో స్పష్టంగా ఉండే లోతు రెండు మీటర్ల పైచిలుకు. 178 ఎంఎం ఎఫ్/2.5 అయితే అరమీటరు కాస్త దాటుతుందంతే. వెలుగు రెండు మెట్ల దాకా ఎక్కువొస్తుంది నిజమే, కానీ రైడర్ మూరెడు అటూ ఇటూ జరిగితే ముక్కు కూడా దక్కదు. బర్నెట్ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు.

కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చింది మాత్రం నేను కాదు, ఒక పీఈటీ మాస్టారు. నేను బోనస్ గీతకి సరిగ్గా ఎదురుగా కూర్చుంటే వచ్చి, "అక్కడ కాదండీ, ఒక గజం వెనక్కి, ఎండ్ లైన్ వైపు జరగండి. అక్కడి నుంచైతే వాడి మొహం కనపడుద్ది, ఇక్కడ భుజమే వస్తది" అన్నారు. జరిగాను. ఆ తర్వాత షీట్లలో మొహాలు వచ్చాయి. అప్పటి నుంచి టోర్నమెంటుకి వెళ్ళగానే ముందు కోచ్‌లతో మాట్లాడుతున్నాను: ఎవరు ఎడమ వైపు వెళ్తారు, ఎవరికి బోనస్ పిచ్చి, ఎవరు గీత దగ్గర ఆగి కవ్విస్తారు. ఒక కుర్రాడు ప్రతి రైడులో రెండు దొంగ అడుగులు వేసి మూడోది నిజంగా వేస్తాడని అలాగే తెలిసింది. మూడో అడుగుకి నొక్కాను. అందాడు.

జనవరి: సంక్రాంతి మట్టి కోర్టు

పండక్కి తెనాలి వైపు ఒక ఊళ్ళో మట్టి కోర్టు, రాత్రి ఫ్లడ్ లైట్లు. వెలుగు ఇండోర్ కన్నా తక్కువ, దుమ్ము ఎక్కువ. ఫ్లాష్ వాడొద్దని ముందే అనుకున్నాను, రైడర్ కళ్ళల్లో కొడితే పట్టు తప్పి దెబ్బ తగులుద్ది. ఫొటోలు పెద్దగా రాలేదు. పొద్దున పూట జరిగిన సెమీస్ మాత్రం ఎక్స్‌రే ఫిల్ము మీద బ్రహ్మాండంగా వచ్చాయి. లేత ఎండలో లేచిన దుమ్ము తెల్లటి తెరలా, దాని ముందు నల్లబడిన జెర్సీలు. హోల్డర్లలో దూరిన దుమ్ము దులపడానికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు ఒక్కో హోల్డరూ జిప్ కవర్లో, కవర్లన్నీ స్టీలు డబ్బాలో.

ఫిబ్రవరి: కడుగుడు

డీ-76 డెవలపర్లో, పుష్ చేయని హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మా ట్యాంకు నీళ్ళు ఫిబ్రవరిలోనే 27. ఏప్రిల్ వస్తే చెప్పక్కర్లేదు. డెవలపర్లో ఐసు వేయకూడదు, పలచనైపోతుంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఐసు, దాంట్లో ట్రే. కూల్ డ్రింకు షాపులో ఐసు గడ్డ కొంటే అరగంట వస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము వేడికి మెత్తబడి వేలి ముద్రలు దిగుతుంది, అందుకని హార్డెనర్ ఉన్న ఫిక్సరు (కడిగిన బొమ్మని నిలబెట్టే మందు). హార్డెనర్ అంటే ఇంకేం కాదు, పటిక. గడ్డం గీశాక మంగలి రాసేదే.

ఎక్స్‌రే ఫిల్ముకి డీ-76ని బాగా పలచన చేస్తున్నాను, లేకపోతే నలుపూ తెలుపూ తప్ప మధ్యలో ఏమీ మిగలదు. ఎర్ర లైటు కింద చూస్తూ కడుగుతాను కాబట్టి టైమర్ అవసరం తక్కువ. ట్రేలో ముందు జెర్సీ నంబరు తేలుతుంది, తర్వాత గీతలు, మొహం చివర్న.

మార్చి మొదటి వారం: ప్రింట్లు

4×5 నెగెటివ్ మామూలు 35 ఎంఎం ఫ్రేముకి పదమూడు రెట్లు. అది మాటల్లో చెప్తే ఏమీ అనిపించదు. బోనస్ ఫొటో ఒకటి 16×20కి పెద్దది చేశాక రైడర్ మోకాలి పట్టీ మీద కుట్లు, మ్యాటు ముక్కల మధ్య అతుకు, అంపైర్ చేతిలో పెన్ను మూత కూడా కనపడ్డాయి.

ఆ రైడర్ని పిలిచి చూపించాను, డిగ్రీ రెండో ఏడాది కుర్రాడు. చాలాసేపు చూశాడు. జెర్సీ ఎరుపు ఏమైందని అడిగాడు, చెప్పాను. తర్వాత వంగి కింద వెనక కాలి దగ్గర వేలు పెట్టాడు. మడమ లేచి ఉంది గానీ బొటనవేలు మ్యాటుకి ఆని ఉంది, స్పష్టంగా. ఆ రోజు వాడికి బోనస్ పాయింటు ఇచ్చారు, మ్యాచ్ గెలిచింది కూడా ఒక్క పాయింటుతో.

"సార్, ఇది ఎగ్జిబిషన్లో పెడతారా?"

"పెడదామనే."

"పెట్టండి సార్. కాకపోతే అవతలి కాలేజీ వాళ్ళు వచ్చిన రోజు కాస్త తీసెయ్యండి."

మిగిలిన పని: ఎండలు ముదిరే లోపు విజయవాడలో విలువిద్య ప్రాక్టీసు తీయాలి. అక్కడ మనిషి గురి పెట్టి కదలకుండా నిలబడతాడు కాబట్టి 1/50 కూడా చాలు, బాణం వదిలాక విల్లు ముందుకు ఊగే క్షణం మీదే నా కన్ను. హోల్డర్లు ఇంకో నాలుగు కావాలి. ఎక్స్‌రే షాపాయన 10×12 పెట్టె కూడా ఉందంటున్నాడు, దాంట్లో ఎన్ని ముక్కలు వస్తాయో కాగితం మీద గీసుకుని కొంటాను.